ఒక్క గోలు జట్టు

మొన్న మోకాలు చూపించుకుందామని జనగామలో ఒక దవాఖానకు వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, నేను పాఠం చెప్పిన పిల్లల వయసు. ఎక్స్‌రేను వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, "ఆంటీ, వయసులున్నప్పుడు ఈ మోకాలికేమన్న దెబ్బ తాకిందా?" అన్నాడు. "తాకింది, ఫుట్‌బాల్ ఆడుతుంటే," అన్నాను. అతను ఎక్స్‌రే దించి, నా మొహం చూసి, నా చీర కుచ్చిళ్ళు చూసి, "ఎవరు, మీ బాబు ఆడుతుండెనా?" అని అడిగాడు. "బాబు కాదయ్యా, నేనే. గోల్‌కీపర్‌ని." మర్యాద తెలిసిన పిల్లవాడు కనుక నవ్వలేదు. పక్కనున్న నర్సమ్మ మాత్రం మొహం అటు తిప్పుకుంది, భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా నమ్మలేదు. "పెండ్లయి గిన్నేండ్లయె, ఒక్కనాడన్న చెప్పకపోతివి?" అన్నాడు. "మీరు ఒక్కనాడన్న అడిగితిరా?" అన్నాను. దాంతో నాకు తిక్క రేగింది. వెంటనే నాతో ఆ జట్టులో ఆడిన స్వరూపకు ఫోన్ చేసి, మనం ఆడింది నిజమేనా కాదా చెప్పవే అని అడిగితే, అది పది నిమిషాలు నవ్వి, "రాసి పారెయ్యే సుగుణా, చదివినోళ్ళు నమ్ముతరు, నమ్మనోళ్ళు పోతరు," అంది. అందుకని రాస్తున్నాను.

అప్పట్లో మేము జనగామ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఒక పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్ళం. సొంతూరు దేవరుప్పుల పక్కన. అక్కడి పొలాలు చిన్నబాపులు చూసుకునేవారు. మా బాపుకు మట్టికంటే కాగితం మీద ప్రేమ ఎక్కువ, అందుకని సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి మమ్మల్ని టౌనుకు తెచ్చాడు. గోడకు గడియారం ఉండేది గానీ దాని మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు, రైళ్ళే మా గడియారం. తొలి పాసింజరు కూత వినపడగానే బాపు తల్లి లేచేది. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్ళం. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి రాజేసి, మసి పట్టిన కాగులో నీళ్ళు పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పొగాకు నమిలేది. ఆ కట్టెల పొగ, పొగాకు వాసన, పక్కనే నానబెట్టిన కుంకుడుకాయల వాసన, మూడూ కలిసిపోయి మా ఇంటి పొద్దుటి వాసన అయ్యేది. రెండో బండి పోయేసరికి బాపు రేడియో పెట్టి గడ్డం గీసుకునేవాడు. వార్తలు అయ్యేదాకా ఒక చెంపే గీసేవాడు, రెండో చెంప వ్యవసాయ కార్యక్రమానికి. పొలం వదిలేసి వచ్చిన మనిషికి ఎరువుల సంగతులెందుకో మా అమ్మకు ఎప్పుడూ అర్థం కాలేదు. అమ్మ అడగనూ లేదు, ఆ టైముకు ఆమె జొన్నరొట్టెలు చరుస్తూ ఉండేది.

మాది ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. ఆటల మాస్టరు యాదగిరి సారును అందరూ పీడీ సారు అనేవాళ్ళం. సన్నటి మనిషి, మెడలో విజిల్, చంకలో అట్ట ఊడిన రూల్సు పుస్తకం. ఆయన జీవితమంతా ఆడింది వాలీబాల్. ఒకరోజు మమ్మల్ని చెట్టుకింద కూర్చోబెట్టి, "ఖోఖోల మనకన్న తోపులు మస్తుమంది ఉన్నరు. కబడ్డీకి పోతే నడుములు ఇరగ్గొట్టి పంపుతరు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు మాత్రం ఈ చుట్టుపక్కల వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పేరిస్తే సగం గెలిచినట్టే," అన్నాడు. మిగతా సగం గురించి మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతులెత్తినవాళ్ళం సరిగ్గా పదకొండు మందిమి. పన్నెండో మనిషి లేదు. అంటే మాలో ఎవరికైనా జ్వరమొస్తే జట్టుకే జ్వరమొచ్చినట్టు. నేను పొడుగ్గా ఉంటాననీ, పరుగెత్తలేననీ నన్ను గోల్లో నిలబెట్టారు. ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు గుటకలు మింగాను. చివరికి బాపు గడ్డం సబ్బు నురగలో ఉన్నప్పుడు చెప్పేశాను. ఆ టైములో ఆయన నోరు తెరవలేడు. నురగ కడుక్కొని వచ్చి, "ఏమేసుకొని ఆడుతరు?" అన్నాడు. "పైజామలే బాపూ." "చూసెటందుకు జనం వస్తరా?" "మా ఆట చూసెటందుకు ఎవలొస్తరు బాపూ, వచ్చినా కూసోరు." ఆయన తువ్వాలతో చెంపలు తుడుచుకొని, "గట్లయితే పో," అన్నాడు. అవ్వకు ఫుట్‌బాల్ అనే మాట నోరు తిరగలేదు. దానికి తనే ఒక పేరు పెట్టుకుంది, తన్నులాట అని. వాకిట్లోకి ఎవరొచ్చి మనవరాలేది అని అడిగినా, "తన్నులాటకు పోయింది," అని గంభీరంగా చెప్పేది. వాళ్ళు మా ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందని భయపడి వెళ్ళిపోయేవాళ్ళు.

కాలేజీ వెనక మైదానంలో రాళ్ళు ఏరడానికే మాకు మొదటి వారం పట్టింది. పల్లేరుకాయలు ఏరడానికి రెండో వారం. మూడో వారంలో బంతిని ముట్టుకున్నాం. స్వరూప మా ఊరి పక్క ఊరిదే, పెద్ద ఆసాముల బిడ్డ, నోరు ఊరికే ఉండదు. దొడ్డినిండా పశువులున్న ఇంట్లో పుట్టి పశువంటే వణుకు. చిన్నప్పుడు కోడెదూడ ఒకటి తరిమిందట, అప్పటినుంచి కొమ్ములు కనబడితే చాలు గోడెక్కేది. ఇక చాంది. నర్మెట్ట దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. మాట తక్కువ, బక్కపలచటి పిల్ల, కాని కాలికి బంతి తగిలిందంటే మేము పదిమందిమి కలిసి పట్టుకోలేకపోయేవాళ్ళం. మేకల వెంట గుట్టలెక్కి దిగిన కాళ్ళవి. మామూలుగా మాతో తెలుగులో మాట్లాడేది, పరుగు అందుకుంటే మాత్రం నోట్లోంచి వాళ్ళ లంబాడీ మాట దూకేది. మొదటి రోజు ఆటలో బంతితో పోతూ పోతూ వెనక్కి తిరిగి స్వరూపను చూసి, "ఆవ్! ఆవ్!" అని కేకేసింది. స్వరూప "అమ్మో!" అని అరిచి, చుట్టూ తిరిగి చూసి, ఎదురుగా ఉన్న వేపచెట్టెక్కబోయింది. చాంది అయోమయంగా నిలబడిపోయింది. "ఏడుందే ఆవు?" అంది స్వరూప. "ఆవు కాదే, ఆవ్. రా అని పిలిచిన," అంది చాంది. ఆ రోజు ఇక ఆట సాగలేదు. పీడీ సారు కూడా రూల్సు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకొని నవ్వాడు.

దాన్ని మా రహస్య భాష చేసుకుందామన్న ఘనమైన ఆలోచన స్వరూపదే. "అవతలోళ్ళు రా అంటే రా అని తెలుసుకుంటరు, ఆవ్ అంటే ఆవును ఎతుక్కుంటరు. అంతల మనం గోల్ కొడతం," అంది. ఆహా ఎంత తెలివి అనుకున్నాం. చాంది దగ్గర కూర్చుని ఇటు, అటు, ఇవ్వు, వెనక్కి తన్ను, అన్నీ వాళ్ళ భాషలో బట్టీ పట్టాం. ఇంట్లో నేను నీళ్ళు కాగుతుండగా అవే వల్లిస్తుంటే అవ్వ అమ్మతో, "పిల్లకు గాలి సోకినట్టుంది, జర నిమ్మకాయ తిప్పరాదు," అంది. మాకు భాష వచ్చిందని ఎంత మిడిసిపాటంటే, ఆట రాలేదన్న సంగతే మరచిపోయాం.

మొదటి మ్యాచ్ మానుకోటలో. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోటే అంటారు. పాసింజరు బండిలో పులిహోర మూటలు కట్టుకొని, కిటికీల్లోంచి కేకలేసుకుంటూ, కాజీపేట, వరంగల్ దాటి పోయాం. మైదానంలోకి దిగగానే స్వరూప గొంతు చించుకొని రహస్య భాష మొదలుపెట్టింది. "ఇటు ఆవ్, అటు ఆవ్," అని మేమూ అందుకున్నాం. చిత్రమేమిటంటే మేము ఎటు తన్నుతామో అటే అవతలి పిల్లలు ముందే చేరుకొని నిలబడుతున్నారు. నేను కుడివైపు జాగ్రత్త అని మా వాళ్ళకు ఆ భాషలో హెచ్చరిక చేస్తే, వాళ్ళు ఎడమవైపు నుంచి గోలు కొట్టారు. అయిదు గోలులు తిన్నాక, వాళ్ళ కెప్టెన్ నా దగ్గరికొచ్చి తెలుగులో చాలా మర్యాదగా చెప్పింది. "అక్కా, మేము పదకొండు మందిల ఎనమండుగురం తండావాళ్ళమే. మీరు మా భాషల అన్నీ చెప్పుకుంట ఆడుతున్నరు. జర మెల్లగన్న చెప్పున్రి, నవ్వాగక మావోళ్ళు ఉరకలేకపోతున్నరు." మానుకోట చుట్టూ ఎన్ని తండాలున్నాయో జనగామలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. డిగ్రీ చదువుతున్న మాకు, అందులోనూ మా పీడీ సారుకు, ఆ సంగతి తట్టనే లేదు.

ఆట అయ్యాక వాళ్ళు మమ్మల్ని వదల్లేదు. చెట్టుకింద కూర్చోబెట్టి వాళ్ళు బాటీలనే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మాకు పెట్టి, మా పులిహోర వాళ్ళు తిన్నారు. వాళ్ళ మధ్య చాందిని చూసి నేను ఆశ్చర్యపోయాను. చేతులు తిప్పుతూ, మధ్యలో అందుకుంటూ, ఎవరినో అనుకరిస్తూ, ఎనమండుగురినీ కడుపు పట్టుకునేలా నవ్విస్తోంది. మూడు నెలలు మాతో తిరిగిన పిల్ల మాట తక్కువదని మేమనుకున్నాం. తెలుగులో తక్కువ, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. మా కాలేజీలో కోస్తా నుంచి వచ్చిన లెక్చరరు ఒకాయన ఉండేవాడు. మేము "వచ్చినం, పోయినం" అంటే చాలు, సినిమాల్లో జోకరు మాట్లాడినట్టు మళ్ళీ పలికి క్లాసంతా నవ్వించేవాడు. అది తలచుకొని ఇంటికొచ్చి ఎన్నిసార్లు ఏడ్చానో. అదే నేను చాంది నోట్లో మాటను ఆటబొమ్మ చేసుకొని, మూడు నెలలు మైదానమంతా అరిచాను. తిరుగు బండిలో ఆమె పక్కన కూర్చొని, "తప్పయింది చాందీ," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. చెప్పాక నవ్వి, "మీరు తప్పుగ అంటరు గని, అనుడు మాత్రం మంచిగున్నదే. కాలేజీల నా భాష మాట్లాడెటోళ్ళు నాకు ఇంకెవలున్నరు?" అంది. కిటికీ వైపు తిరిగి, "ఇంకెన్ని దినాలుంటనో," అని కూడా అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. వాళ్ళ నాయిన హీర్యా నాయక్ ఏటా పంట చేతికి రాగానే తండావాళ్ళతో కలిసి పుణె వైపు కట్టడాల పనికి పోతాడు. ఈ ఏడు చెరువు నిండలేదు, పంట లేదు, కాబట్టి దీపావళి దాటగానే ఇల్లంతా కదులుతుంది. చాందికి చదువు మాన్పించి వెంట తీసుకుపోతానన్నాడు. అక్కడ ఎన్ని చేతులుంటే అంత మంచిది. పీడీ సారు తండాకు పోయి, యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే హాస్టలు, తిండి వాళ్ళే చూసుకుంటారనీ, ఆ తర్వాత ఆటల టీచరు ట్రైనింగులో సీటు దొరుకుతుందనీ చెప్పి బతిమాలాడు. హీర్యా నాయక్ అంతా విని, "పేరొస్తే ఉంచుత సార్. రాకుంటే తీస్కపోత," అన్నాడట. యూనివర్సిటీవాళ్ళు చూసేది భూపాలపల్లిలో జరిగే పోటీల్లోనే. అది కూడా రెండో రోజు మాత్రమే వస్తారు. మొదటి రోజు ఓడిన జట్టు అదే సాయంత్రం ఇంటికి పోతుంది. అయిదు గోలులు తిని, ఒక్క గోలూ కొట్టని మేము, చాంది కోసం ఒక మ్యాచ్ గెలవాలి.

ఆ తర్వాత నిజంగా ఆడాం. పొద్దున మొదటి పాసింజరు కూతతోపాటు నేనూ లేచేదాన్ని. సాయంత్రం కాలు బెణికిన పిల్లలంతా మా ఇంటికే వచ్చేవాళ్ళు. అవ్వ వరసగా కూర్చోబెట్టి, ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది, నువ్వులనూనె రాసి మడమలు లాగేది. పెట్టినంతసేపూ తిట్టేది. "తన్నులాట అంటే బంతిని తన్నాలె గని ఒకళ్ళనొకళ్ళు తన్నుకునుడేందే?" చాంది కాళ్ళు పట్టుకొని మాత్రం తిట్టేది కాదు. అరికాలి మీద చెయ్యి రాస్తూ, "గీ పిల్ల కాళ్ళకు నూనె అవసరం లేదు, వదిలిపెట్టే మైదానం కావాలె," అనేది.

భూపాలపల్లికి హనుమకొండ, పరకాల మీదుగా బస్సులో వెళ్ళాం. బొగ్గుగనుల ఊరు. మైదానం కార్మికుల క్వార్టర్ల వెనక ఉండేది. నేల నల్లగా, బొగ్గు కాలగా మిగిలిన చిట్టెపు రాళ్ళతో గరగరలాడుతూ ఉంది. గని సైరన్ మోగింది, షిఫ్టు దిగినవాళ్ళు మొహాలకు మసితోనే వచ్చి గీతల వెంట నిలబడ్డారు. క్వార్టర్ల ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని, గిన్నెలు పక్కన పెట్టుకొని కూర్చున్నారు. మా ఆట చూడ్డానికి ఎవరూ రారని బాపుకు ఇచ్చిన మాట అక్కడే పోయింది. మాకు తగిలింది ఆ ఊరి కాలేజీ జట్టే. పీడీ సారు మానుకోట దెబ్బకు బాగా భయపడి ఉన్నాడు. చాందిని వెనక నా ముందే కాపలాగా నిలబెట్టాడు. "ముందుగాల గోల్ తినకుంట చూడాలె," అన్నాడు. చాంది ఎదురు చెప్పలేదు. గోలు తిననంత మాత్రాన గెలుపు రాదన్న సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. సారుకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆట ముప్పావు వంతు అలాగే గడిచింది. వాళ్ళు కొడుతున్నారు, చాంది అడ్డుకుంటోంది, తప్పినవి నా మీద పడుతున్నాయి. ఒక బంతికి పక్కకు దూకి ఆ చిట్టెం మీద మోకాలితో పడ్డాను. పైజామా చిరిగి, చర్మం లేచి, కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి. బంతి మాత్రం నా చంకలోనే ఉంది. నర్సమ్మ నవ్విన మోకాలు ఇదే. చున్నీ చింపి కట్టుకొని మళ్ళీ నిలబడ్డాను. అప్పుడు జరిగింది. స్వరూప అవతలి గోలు దగ్గర బంతితో ఒంటరిగా దొరికింది. ఎలా దొరికిందో ఆమెకే తెలియదు. సరిగ్గా అప్పుడే క్వార్టర్ల సందులోంచి ఒక ఎర్రావు తాడు ఈడ్చుకుంటూ గీత దగ్గరికి వచ్చింది. స్వరూప దాన్ని చూసి నిలువునా బిగుసుకుపోయి, ప్రాణం పోయేలా "ఆవు! ఆవు!" అని కేకేసింది. అవతలి పిల్లలంతా ఆవు వైపు తిరిగారు. వెనక నా ముందున్న చాంది చెవిలో మాత్రం ఆ కేక వాళ్ళ అమ్మ పిలిచినట్టు పడింది. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఊపున పోయింది. సారు "ఏయ్ చాందీ, జాగ ఇడువకు!" అని అరుస్తూనే ఉన్నాడు. స్వరూప బంతిని అక్కడే వదిలి గోడవైపు పరుగు తీసింది. చాంది ఆ వదిలిన బంతిని అందుకొని ఒక్క తన్ను తన్నింది. వల లేని గోలు కాబట్టి బంతి రెండు కర్రల మధ్యలోంచి పోయి, ఒకావిడ గిన్నెను దొర్లించింది.

ఇక రచ్చ. "సార్, ఆవొచ్చింది, గోల్ చెల్లదు!" అని వాళ్ళు. ఆవు గీత లోపలికి వచ్చిందా లేదా అన్నది తేలాలి. సున్నపు గీతను ఆ ఆవే తొక్కి చెరిపేసింది. కార్మికుల్లో సగంమంది లోపలన్నారు, సగంమంది బయటన్నారు. ఒకాయన ముందుకాళ్ళు లోపల, వెనకకాళ్ళు బయట అని రాజీ చేయబోయాడు. ఆవు తాలూకు ముసలమ్మ వచ్చి, "నా ఆవు ఎవ్వల జోలికి పోదు, దాని పేరెందుకు తీస్తున్నరు?" అని అందరినీ దులిపి, తాడు పట్టుకొని పోయింది. రిఫరీ నెరసిన మీసాల పెద్దమనిషి. గోడ మీద కూర్చున్న స్వరూపను కిందికి దిగమని, "ఆవును చూసి అరిచినవా బిడ్డా? నిజం చెప్పు," అన్నాడు. స్వరూప ఒక్క క్షణం చాంది మొహం చూసింది. "ఆవును కాదు సార్. ఆవ్ అని పిలిచిన, మా చాందిని. వాళ్ళ భాషల రా అని," అంది. రిఫరీ చాంది వైపు తిరిగాడు. "నీకేమని వినబడింది?" "రమ్మని వినబడ్డది సార్, అందుకే వచ్చిన," అంది చాంది. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. గీత దగ్గర మసి మొహంతో ఉన్న ఒక కార్మికుడు, "కరెక్టే సార్! మా తండాల గట్లనే పిలుస్తం!" అని అరిచాడు. రిఫరీ మీసం కింద నవ్వుకొని, గోలు చెల్లుతుందని విజిలేశాడు. మిగిలిన పది నిమిషాలు మేము పదకొండు మందిమీ గోలు ముందే గుంపుగా నిలబడ్డాం. అది ఆట కాదు, రైలు బోగీ తలుపు దగ్గర తోపులాట. అయినా గెలిచాం.

రెండో రోజు మూడు గోలులతో ఓడిపోయాం, అది వేరే మాట. ఆ రోజు చాంది ముందు వరసలో ఆడింది. గోలు కొట్టలేకపోయింది గాని, యూనివర్సిటీ నుంచి వచ్చిన టోపీ మేడం ఆమె పరుగెత్తిన ప్రతిసారీ కాగితం మీద ఏదో రాసుకోవడం నేను గోల్లోంచి చూశాను. బస్సులో స్వరూపను పట్టుకున్నాను. "నిజం చెప్పు, నువ్వు చూసింది ఆవునే కదనే?" అది కిటికీలోంచి బయటకు చూస్తూ, "గా దినం నేనేమన్ననో నాకే తెల్వది, నీకెందుకే?" అంది. మొన్న ఫోన్లో అడిగినా అదే జవాబు. ఇంటికి వచ్చాక నా మోకాలు చూసి అవ్వ ఏడుపందుకుంది, బాపు మాత్రం, "జనం మస్తుమంది వచ్చిన్రట కదా?" అని తలవంచుకొని అడిగాడు. "వచ్చిన్రు బాపూ." "కూసున్నరా మరి?" "కూసున్నరు." మర్నాడు పొద్దున ఆయన రెండు చెంపలూ వార్తల్లోనే గీసుకున్నాడు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే కాలేజీలో ఆడపిల్లలకు రంగురంగుల జెర్సీలున్నాయి, ముళ్ళ బూట్లున్నాయి. బంతులు ఒక సంచినిండా ఉన్నాయి. ఎవరైనా గోలు కొడితే నిమిషంలో అది అందరి ఫోన్లలో ఉంటుంది. సంతోషమే. మా రోజులే గొప్పవని చెప్పుకునే ముసలితనం నాకింకా రాలేదు. పల్లేరుకాయలు గుచ్చుకుంటే గొప్పేముంది, నొప్పి తప్ప? కాని ఈ పిల్లలు ఒకరి కాళ్ళు ఒకరు ఎరుగుదురా అని అనుమానం వస్తుంది. ఆట అయిపోగానే ఎవరి బండి వాళ్ళు ఎక్కి పోతారు. మా పదకొండు మందికీ ఎవరి మడమ ఎక్కడ నొప్పో తెలుసు, ఎవరి ఇంట్లో ఏ కూర తెలుసు, ఎవరి బతుకు ఏ బంతి మీద ఆగి ఉందో కూడా తెలుసు. ఆ తెలియడం వల్ల మేము మంచి ఆటగత్తెలం కాలేదు. ఒకరికోసం ఒకరం ఒక్క పూట బాగా ఆడాం.

దీపావళి వెళ్ళిపోయింది, యూనివర్సిటీ నుంచి ఉత్తరం రాలేదు. రోజూ పోస్టుమాన్ కోసం కాలేజీ గేటు దగ్గర నిలబడేవాళ్ళం. చివరికి హీర్యా నాయక్ వచ్చి చాంది పేరు హాస్టల్లో తీయించాడు. ఆ మధ్యాహ్నం బండికి తండావాళ్ళంతా జనగామ స్టేషన్‌కు చేరారు. గోనెసంచులు, గిన్నెలు, గునపాలు, పసిపిల్లలు, ప్లాట్‌ఫారమంతా మూటలే. చాంది ఒక మూట మీద కూర్చుని ఉంది. స్వరూప, నేను ఆమెకు చెరోపక్క. పీడీ సారు పొద్దున్నే యూనివర్సిటీకి పోయాడనీ, బోర్డు చూసి వస్తానన్నాడనీ చెప్పాం. చాంది తల ఊపింది. "ఉత్తరం రాకుంటే లేనట్టే కదా సుగుణా," అంది. సిగ్నల్ పడింది. హీర్యా నాయక్ మూటలు లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

అప్పుడు మెట్ల మీద నుంచి పీడీ సారు ఉరుక్కుంటూ దిగాడు. బస్టాండు నుంచి పరుగెత్తి వచ్చాడు, చేతిలో నోటుబుక్కు కాగితం. బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్న పేర్లన్నీ తెలుగులో రాసుకొచ్చాడు. "ఉన్నది... ఏడో పేరు," అన్నాడు. స్వరూప కేక పెట్టింది. చాంది లేవలేదు, వాళ్ళ నాయిన వైపే చూస్తోంది. హీర్యా నాయక్ కాగితం చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, "ఏది సార్ పేరు?" అన్నాడు. సారు వేలు పెట్టి చూపించాడు. హీర్యా నాయక్‌కు చదువు రాదు. మా అందరి మొహాలూ చూశాడు. మేము చెప్పేది నమ్మాలో, పిల్ల మీద ప్రేమతో ఆడపిల్లలు చెప్పే మాట అనుకోవాలో తెలియలేదేమో. బండి చప్పుడు దగ్గరవుతోంది. ఆయన గబగబా ఒక మూట ముడి విప్పాడు. గిన్నెల కింద నుంచి స్టీలు పళ్ళెం ఒకటి లాగాడు. హాస్టల్లో చేర్చిన రోజు జనగామ బజార్లో తనే కొని, దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా బిడ్డ పేరు కొట్టించిన పళ్ళెం. దాన్ని కాగితం పక్కన పెట్టి, వేలితో ఇక్కడొక అక్షరం, అక్కడొక అక్షరం, మెల్లగా పోల్చి చూశాడు. బండి వచ్చి ఆగింది, తండావాళ్ళు మూటలెక్కిస్తూ ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన రెండోసారి కూడా మొదటినుంచి పోల్చాడు. తర్వాత కాగితం సారుకు ఇచ్చి, పళ్ళెం భుజం మీది తువ్వాలతో తుడిచి చాంది చేతుల్లో పెట్టి, మూట మళ్ళీ ముడేసుకొని బండెక్కాడు.